ఆడటం వేరు, ఆడించడం వేరు

మన దగ్గర బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయికి డిగ్రీ ఫైనలియర్ పరీక్షలతో పాటే ఆట కూడా అయిపోతుంది. అబ్బాయిలకైనా దాదాపు అంతే, కాకపోతే వాళ్ళు సాయంత్రాలు గ్రౌండ్‌కి వచ్చి ఇంకొన్నాళ్ళు బంతి పట్టుకుంటారు. యూనివర్సిటీ టీమ్‌కి ఆడినవాళ్ళ చేతిలో మిగిలేది ఫామ్-3 సర్టిఫికెట్. స్పోర్ట్స్ కోటాతో పరిచయం ఉన్నవాళ్ళకి ఈ లెక్క తెలుసు. దేశానికి ఆడితే ఫామ్-1, నేషనల్స్‌లో రాష్ట్రానికి ఆడితే ఫామ్-2, ఇంటర్ యూనివర్సిటీ ఆడితే ఫామ్-3, స్కూల్ నేషనల్స్ ఆడితే ఫామ్-4. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకుని నోటిఫికేషన్ల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ప్లేయర్లు నాకు చాలామంది తెలుసు. కొందరికి రైల్వేలో, పోలీసులో ఉద్యోగాలు వచ్చాయి. మిగతావాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకునో, బ్యాంకు పరీక్షలు రాసుకునో ఆటకి దూరమైపోయారు.

నేను కోచ్‌నయ్యాను. ఎలా అయ్యానో, ఈ దారిలో ఏమేం నేర్చుకోవాల్సి వచ్చిందో రాయమని నా దగ్గర ఆడి ఇప్పుడు బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చదువుతున్న ఒక అమ్మాయి ఎప్పటినుంచో అడుగుతోంది. తనకీ, తనలాంటి వాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను.

మాది గుంటూరు. ఆడింది ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం టీమ్‌కి, పాయింట్ గార్డ్‌గా. బంతిని అవతలి రింగ్ దాకా తీసుకెళ్ళేది, ఎవరు ఎటు కదలాలో చెప్పేది పాయింట్ గార్డే. ఎత్తు తక్కువున్న పిల్లకి మన దగ్గర సాధారణంగా దక్కే స్థానం అదే. సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ ఆడిన ఎవరినైనా అడగండి, అందరిదీ ఒకటే కథ. స్లీపర్ క్లాసులో ప్రయాణం, ఏదో ఒక కాలేజీ క్లాస్‌రూములో బెంచీలు పక్కకి జరిపి దుప్పట్లు పరుచుకోవడం, తెల్లారగానే నాకౌట్ మ్యాచ్. గెలిస్తే ఇంకో మ్యాచ్, ఓడితే సామాను సర్దుకోవడం. నాకౌట్ దాటిన నాలుగు టీములు లీగ్ ఆడతాయి, ఆ నాలుగూ ఆలిండియాకి వెళ్తాయి. మా రోజుల్లో ఆ నాలుగింట్లో ఎక్కువగా కనిపించేవి తమిళనాడు, కేరళ, కర్ణాటక యూనివర్సిటీలు.

వాళ్ళతో ఆడినప్పుడల్లా ఒక విషయం నన్ను తొలిచేసేది. విడిగా చూస్తే డ్రిబ్లింగ్‌లో మేమేం తీసిపోయేవాళ్ళం కాదు. షూటింగ్ కూడా పోటాపోటీగానే ఉండేది. బంతి చేతిలో లేనప్పుడు ఏం చేస్తున్నారన్న దగ్గరే తేడా అంతా. వాళ్ళలో పాస్ ఇచ్చిన అమ్మాయి ఇచ్చినచోటే నిలబడేది కాదు, వెంటనే రింగ్ వైపు దూసుకెళ్ళేది. ఇంకో అమ్మాయి వచ్చి మా డిఫెండర్‌కి అడ్డంగా నిలబడి దారి ఆపేది, దాన్నే స్క్రీన్ అంటారు. మేమందరం బంతినే చూస్తూ ఉండగా బాస్కెట్ పడిపోయేది. ఇదేమీ పుట్టుకతో వచ్చే తెలివి కాదు. ఆ రాష్ట్రాల్లో స్పోర్ట్స్ హాస్టళ్ళున్నాయి. ఆ అమ్మాయిల్లో చాలామందికి చిన్న క్లాసుల నుంచే పక్కన ఒక కోచ్ ఉన్నారు. మా టీమ్‌లో సగం మంది ఇంటర్‌కి వచ్చాక బంతి పట్టుకున్నవాళ్ళు. మాకు కోచింగ్ అంటే టోర్నమెంట్‌కి ముందు పెట్టే క్యాంపు, అంతే. నేను కోచ్ అవ్వాలనుకోవడానికి కారణం ఇదే. మా ఊరి పిల్లలకి కూడా ఆ వయసులో పక్కన ఒకరుండాలి, వాళ్ళకి బంతి లేని ఆట నేర్పాలి.

డిగ్రీ తర్వాత పీసెట్ ఎంట్రన్స్ రాసి బీపీఈడీ చేశాను. అప్పట్లో అది ఏడాది కోర్సు. ఆ చదువుంటే డీఎస్సీలో పోస్టు కొట్టొచ్చన్న ఆశతో ఇంట్లో ఒప్పుకున్నారు. అది అయ్యాక మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ ఇంటికొచ్చి, "కోచ్ అవ్వాలంటే ఎన్ఐఎస్ చెయ్యాలమ్మా" అన్నారు. నాన్న ఒకటే అడిగారు: "అది చేస్తే ఉద్యోగం వస్తుందా అండీ?" సార్ దాచలేదు. "గ్యారంటీ లేదండీ. కానీ ఆ డిప్లొమా లేకుండా కోచ్ పోస్టుకి అప్లికేషన్ కూడా పెట్టలేదు." నాన్న రెండ్రోజులు ఆలోచించి ఢిల్లీకి టికెట్ తీయించారు.

ఎన్ఐఎస్ అంటే పటియాలాలోని నేతాజీ సుభాష్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్. 1961లో మొదలైంది. పటియాలా రాజులు ఉన్న మోతీబాగ్ ప్యాలెస్‌లోనే నడుస్తోంది. సీటు రావాలంటే రాతపరీక్ష, ఫిట్‌నెస్ టెస్టు, ఆటలో స్కిల్ టెస్టు, ఇంటర్వ్యూ అన్నీ దాటాలి. ఏ స్థాయిలో ఆడామో సర్టిఫికెట్ చూపించాలి. నా ఫామ్-3 మొదటిసారి అక్కడ అక్కరకొచ్చింది. ఢిల్లీ నుంచి బస్సులో అంబాలా, రాజ్‌పురా మీదుగా వెళ్ళాం. చలికాలంలో పొద్దున ప్రాక్టీసు వేళకి కోర్టు అవతలి రింగ్ మంచులో కనిపించేది కాదు, వేళ్ళు కొయ్యబారిపోయి బంతి పట్టు దొరికేది కాదు. అన్నం కోసం ముఖం వాచిపోయాం. ఇవన్నీ అక్కడికెళ్ళిన ప్రతి దక్షిణాది వాళ్ళూ పడేవే కాబట్టి సాగదీయను.

చెప్పాల్సింది టీచింగ్ ప్రాక్టీస్ గురించి. ఊళ్ళో స్కూలు పిల్లలు సాయంత్రాలు కోర్టుకి వచ్చేవాళ్ళు. ట్రైనీలం వంతులవారీగా వాళ్ళకి నేర్పాలి. మా లెక్చరర్ పక్కన నిలబడి నోట్స్ రాసుకునేవారు. ముందు రోజే లెసన్ ప్లాన్ రాసి ఇవ్వాలి. వార్మప్ ఎంతసేపు, ఏ స్కిల్, ఏ డ్రిల్, చివర్లో ఏ గేమ్, అన్నీ అందులో ఉండాలి. నాకు మొదట పడింది లే-అప్. పరుగు మీద వచ్చి రెండడుగుల్లో పైకి లేచి బంతిని బోర్డుకి తాకించి రింగులో వేయడం. బాస్కెట్‌బాల్‌లో మొట్టమొదట నేర్చుకునే షాట్లలో ఒకటి. నేను వేసి చూపించాను. ఎడమ వైపు నుంచి కూడా వేశాను. "ఇప్పుడు మీరు వెయ్యండి" అన్నాను. పట్కా (సిక్కు పిల్లల తలగుడ్డ) కట్టుకున్న ఓ చిన్న కుర్రాడు ముందుకొచ్చి, బంతి చంకలో పెట్టుకుని, "మేడమ్, మొదట ఏ కాలు?" అని హిందీలో అడిగాడు.

నోటికి జవాబు రాలేదు. అన్నేళ్ళుగా వేస్తున్న షాట్ నా కాళ్ళకి తెలుసు గానీ, ముందు ఏ కాలు పడుతుందో నేనెప్పుడూ చూసుకోలేదు. పక్కకి వెళ్ళి నడకలో మెల్లగా వేసి చూశాను. కుడి కాలు, ఎడమ కాలు, కుడి మోకాలు పైకి, కుడి చేత్తో షాట్. ఎడమ వైపు నుంచైతే సరిగ్గా తారుమారు.

మా లెక్చరర్ అప్పుడు వచ్చి ఆ పిల్లలకి ఎలా నేర్పారో నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. షాట్‌ని చివరి నుంచి మొదలుపెట్టారు. ముందు రింగ్ పక్కన నిలబెట్టి, ఎడమ కాలి మీద నిలబడి కుడి మోకాలు ఎత్తి బోర్డు మీది చతురస్రానికి బంతి కొట్టమన్నారు. అది కుదిరాక ఒక అడుగు వెనక్కి జరిపి "ఎడమ, షాట్" అన్నారు. తర్వాత ఇంకో అడుగు వెనక్కి, "కుడి, ఎడమ, షాట్". ఆ తర్వాత ఒక డ్రిబుల్ కలిపారు. పరుగు అన్నిటికంటే చివర వచ్చింది. ముందు పరుగు నేర్పితే పిల్లల ధ్యాస పరుగు మీదే ఉంటుంది, రింగ్ దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు చిక్కుపడతాయి. చివరి భాగం ముందే ఒంటికి పట్టి ఉంటే, మొదటి భాగం కలిపినకొద్దీ పిల్లవాడు తెలియని చోటు నుంచి తెలిసిన చోటుకి వస్తాడు. నేను ఈ రోజుకీ లే-అప్ ఇలాగే నేర్పుతాను. మన ఒంటికి వచ్చిన పనిని ఎదుటివాళ్ళ ఒంట్లోకి పంపాలంటే దాన్ని ముక్కలు చెయ్యడం రావాలి. మంచి ప్లేయర్‌కే ఇది ఎక్కువ కష్టం, ఎందుకంటే తనకి ఆ పని ఎప్పుడో ఒక్క ముక్కగా అతుక్కుపోయి ఉంటుంది.

ఆ ఏడాది చదివిన థియరీలో రెండు విషయాలు నా పనిని పూర్తిగా మార్చాయి. మొదటిది ఏడాది మొత్తానికీ ప్లాన్ వేసుకోవడం. పెద్ద సైకిల్, అందులో నెలల సైకిళ్ళు, అందులో వారాల సైకిళ్ళు. మేము ఆడే రోజుల్లో టోర్నమెంట్ దగ్గరపడుతోందంటే రెండు పూటలా దంచేవాళ్ళు. మొదటి మ్యాచ్ నాటికే తొడలు బరువెక్కి ఉండేవి. పద్ధతి దానికి ఉల్టా. పోటీకి ముందు వేగం తగ్గించకుండా ప్రాక్టీసు మొత్తాన్ని తగ్గించుకుంటూ రావాలి, ఒళ్ళు తేరుకోవాలి. రెండోది మోకాలు. దూకే ఆటల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలకి మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగే ప్రమాదం ఎక్కువ. చాలాసార్లు ఎవరూ గుద్దకుండానే, ఎగిరి దిగేటప్పుడో, ఒక్కసారిగా మలుపు తిరిగేటప్పుడో తెగుతుంది. దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వంగడం దానికి ఒక పెద్ద కారణం. అందుకే నేను కొత్త పిల్లలకి దూకడం కంటే ముందు దిగడం నేర్పుతాను. చిన్న మెట్టు మీంచి దిగి, మోకాళ్ళు వంచి, పాదాలకి సూటిగా మోకాళ్ళు ఉండేలా ఆగమంటాను. చూసేవాళ్ళకి ఇది ఆటలా కనిపించదు. బాస్కెట్‌బాల్ నేర్పమని పంపిస్తే మెట్లు దింపుతున్నారేంటని అడిగిన తల్లులున్నారు. నా తోటి ప్లేయర్ ఒకామె ఆట ఆ గాయంతోనే ఆగిపోయింది, అందుకే ఆ మెట్టు దగ్గర మాత్రం నేను ఎవరు చెప్పినా తగ్గను.

పటియాలాలో ఉండగానే లుధియానా వెళ్ళి అక్కడి అకాడమీ పిల్లల ప్రాక్టీసు గ్యాలరీలో కూర్చుని చూశాం. ఆ అకాడమీని నిలబెట్టిన కోచ్ డాక్టర్ ఎస్. సుబ్రమణియన్. తమిళుడు. పంజాబ్‌లో స్థిరపడి, పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పొడుగు కుర్రాళ్ళని దేశానికి ఆడే ప్లేయర్లుగా తయారుచేశారు. బల్లో కే అనే ఊరి నుంచి వచ్చిన ఏడడుగుల సత్నామ్ సింగ్ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. మేము వెళ్ళేసరికి సత్నామ్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్ళిపోయాడు. 2015లో డల్లాస్ మావరిక్స్ 52వ పిక్‌గా తీసుకున్నప్పుడు, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్ జట్లు కొత్త ప్లేయర్లని వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ఎంపికైన మొదటి భారతీయుడయ్యాడు. సుబ్రమణియన్ గారు 2013లోనే పోయారు, ఆ రోజు చూడలేదు. కోచ్‌ల పని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

మా థియరీ పేపర్లో ఆట చరిత్ర కూడా ఉండేది. 1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటని కనిపెట్టారు. తర్వాత ఆయన కాన్సాస్ యూనివర్సిటీకి కోచ్‌గా ఉన్నారు. 55 గెలిచి 60 ఓడారు. ఆ యూనివర్సిటీ పురుషుల జట్టు కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువ ఉన్నది ఆయనకొక్కరికే. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీ పెట్టారు. మా పీడీ సార్ చదివింది అక్కడే. అంటే ఆట పుట్టిన చోటికీ మా గుంటూరు గ్రౌండ్‌కీ మధ్య ఒక తిన్నని గురుశిష్యుల వరస ఉంది. ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

డిప్లొమాతో తిరిగొచ్చాక మొదట ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. పేరుకి బాస్కెట్‌బాల్ కోచ్‌ని. చేసింది బస్ డ్యూటీ, ప్రేయర్ దగ్గర లైన్లు నిలబెట్టడం, పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్. గేమ్స్ పీరియడ్ ఎనిమిదో క్లాసు దాటితే స్లిప్ టెస్టుల కిందికి పోయేది. కోర్టు మాత్రం చాలా బాగుండేది, అడ్మిషన్ల బ్రోచర్‌లో దాని ఫోటో వేసేవాళ్ళు. పిల్లలు కిటికీల్లోంచి ఆ కోర్టు వంక చూస్తూ లెక్కలు చేసుకునేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి మానేశాను.

తర్వాత మునిసిపల్ స్కూలు గ్రౌండ్‌లో సిమెంటు కోర్టు ఒకటి ఖాళీగా ఉంటే హెడ్‌మాస్టర్ గారిని అడిగి పొద్దునా సాయంత్రం పిల్లల్ని ఆడించడం మొదలుపెట్టాను. అక్కడ నా మొదటి పని కోచింగ్ కాదు, గీతలు. ఆ కోర్టు మీద పాత కొలతలున్నాయి. 2010లో అంతర్జాతీయ నిబంధనలు మారాయి. రింగ్ ముందు గీతలు గీసి ఉండే కీ అనే భాగం అంతకుముందు కింద వెడల్పుగా, పైకి వచ్చేకొద్దీ సన్నగా ఉండేది, దాన్ని దీర్ఘచతురస్రం చేశారు. మూడు పాయింట్ల గీతని 6.25 మీటర్ల నుంచి 6.75కి జరిపారు. అర మీటరే కదా అనిపిస్తుంది. కానీ పాత గీత మీద అలవాటైన అమ్మాయి బయట టోర్నమెంట్‌కి వెళ్తే, తను మూడు పాయింట్లనుకుని వేసిన షాట్‌కి రెండే ఇస్తారు.

గీతలు పిల్లలతో కలిసే వేశాను. ఎండ్ లైన్ లోపలి అంచు నుంచి 1.575 మీటర్ల దగ్గర రింగ్ మధ్యభాగానికి సరిగ్గా కింద మేకు కొట్టాం. తాడైతే సాగుతుందని కొలత టేపునే మేకుకి తగిలించి, 6.75 దగ్గర సుద్దముక్క పట్టుకుని ఒక పిల్ల అర్ధచంద్రంలా నడిచింది. సైడ్ లైన్ల దగ్గరికి వచ్చేసరికి ఆ వంపు ఆగిపోయి, 90 సెంటీమీటర్ల ఎడంతో నిలువు గీత కావాలి. కీ వెడల్పు 4.90, పొడవు 5.80. గీత మందం అయిదు సెంటీమీటర్లు. అటూ ఇటూ టేపు అంటించి మధ్యలో తెల్ల ఎనామిల్ పెయింట్ వేశాం. ఎండ ఎక్కేలోపు ఒక వైపు పూర్తయింది. ఆ పిల్లలకి కోర్టు కొలతలు నేను మళ్ళీ ఎప్పుడూ చెప్పక్కర్లేకపోయింది. త్రీ సెకండ్స్ రూలు (అవతలి రింగ్ ముందున్న కీలో మూడు సెకన్లకి మించి నిలబడకూడదని) చెప్పేటప్పుడు, "మనం వేసిన డబ్బా" అంటే చాలు.

చిన్నవాళ్ళ కోసం వెల్డింగ్ షాపులో 45 సెంటీమీటర్ల రింగ్ చేయించి 2.60 మీటర్ల ఎత్తులో బిగించాను. మినీ బాస్కెట్‌బాల్‌కి ఉండాల్సిన ఎత్తు అదే. బంతి అయిదో సైజు. తొమ్మిదేళ్ళ పిల్ల చేతికి పెద్దవాళ్ళ బంతి ఇచ్చి 3.05 మీటర్ల రింగ్‌లో వెయ్యమంటే, భుజం మీంచి విసరడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు పడ్డాక దాన్ని మాన్పించడానికి, కొత్తగా నేర్పడానికి పట్టే దానికి రెట్టింపు కాలం పడుతుంది. కొత్త కోచ్‌లెవరైనా నన్ను ఒక్క సలహా అడిగితే ముందు ఇదే చెప్తాను.

మ్యాచ్‌లో కోచ్‌గా కూర్చోవడం ఇంకో చదువు. కోర్టులో ఉన్నప్పుడు కళ్ళు సహజంగా బంతి వెంట పోతాయి. బెంచీ మీద కూర్చున్నాక కూడా కొన్నాళ్ళు నా కళ్ళు బంతినే పట్టుకుని తిరిగాయి. బంతి మీంచి చూపు తిప్పి, అవతలి మూల నా పిల్ల తన మనిషికీ రింగ్‌కీ మధ్యలో ఉందో లేదో చూడటం అలవాటు చేసుకున్నాను. ఒక్కో క్వార్టర్‌లో ఒక్కో విషయమే చూసేదాన్ని, మొదట రీబౌండ్‌కి ఎవరు బాక్స్ అవుట్ చేస్తున్నారు (షాట్ తప్పి వెనక్కి వచ్చే బంతి కోసం అవతలి ప్లేయర్‌ని ఒంటితో అడ్డుకోవడం), తర్వాత ఎవరు వెనక్కి పరిగెత్తడంలో ఆలస్యమవుతున్నారు. టైమ్ అవుట్ సంగతి కూడా చెప్పాలి. అది ఒక్క నిమిషం. పిల్లలు వచ్చి చేరేసరికి కొంత, నీళ్ళు తాగేసరికి కొంత పోతుంది. 50 సెకన్లకి హారన్ మోగుతుంది. నిజంగా చెప్పడానికి దొరికేది అర నిమిషం. ఆ టైమ్‌లో వాళ్ళ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటూ ఉంటుందో ఆడినదాన్ని కాబట్టి నాకు తెలుసు, నాలుగు మాటలు చెప్తే ఒక్కటీ ఎక్కదు. అందుకే ఒక్కటే చెప్తాను, అదీ పేరు పెట్టి. "లక్ష్మీ, ఆ ఏడో నంబర్‌ని ఎడమ వైపుకే పోనివ్వు." ఇంకేం చెప్పను. ప్లేయర్‌గా నాకు ఇష్టమైన కోచ్‌లు టైమ్ అవుట్‌లో అరిచినవాళ్ళు కాదు, ఆ టెన్షన్‌లో కూడా నాకు పట్టుకోవడానికి ఒక్క మాట ఇచ్చినవాళ్ళు.

వీటన్నిటి కంటే కష్టమైన పోటీ పిల్లల ఇళ్ళల్లో జరుగుతుంది. మన దగ్గర ఎనిమిది, తొమ్మిది తరగతులకి వచ్చేసరికి ఫౌండేషన్ కోర్సులు మొదలవుతాయి. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీ అంటే ఆటకి దాదాపు సెలవే. సరిగ్గా ఆట ఒంటికి పట్టే వయసులో పిల్లలు మానేస్తారు. అమ్మాయిలైతే ఇంకో రెండేళ్ళు ముందే. షార్ట్స్ వేసుకోవాలి కదా మేడమ్, ఎండకి నల్లబడుతోంది మేడమ్, ఊరు దాటి పంపించాలంటే భయం మేడమ్. నేను ఎవరితోనూ వాదించను. కింద లెగ్గింగ్స్ వేసుకోనిస్తాను. టోర్నమెంట్‌కి వెళ్తే ఒక తల్లిని వెంట రమ్మంటాను, రోజూ రాత్రి పిల్లలతో ఇంటికి ఫోన్ చేయిస్తాను. పరీక్షల నెలలో ప్రాక్టీసు ఒక పూటకి తగ్గించి, మార్కులు నేనే అడిగి రాసుకుంటాను.

ఈ విషయంలో నాకు ధైర్యం ఇచ్చింది అమెరికా కోచ్ ప్యాట్ సమిట్ జీవితం. టెనెసీ మార్టిన్ యూనివర్సిటీలో ఆడి, 1974లో 22 ఏళ్ళకే టెనెసీ యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకి హెడ్ కోచ్ అయ్యారు. మొదట్లో జెర్సీలు తనే ఉతికేవారు, జట్టు వ్యాన్ తనే నడిపేవారు. కోచ్‌గా ఉంటూనే 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ప్లేయర్‌గా వెండి పతకం గెలిచారు, 1984లో కోచ్‌గా బంగారు పతకం. 38 సీజన్లలో 1,098 విజయాలు, ఎనిమిది జాతీయ టైటిళ్ళు. వీటికంటే నేను తల్లిదండ్రులకి చెప్పేది ఇంకోటుంది: ఆమె దగ్గర చివరిదాకా ఆడిన అమ్మాయిలందరూ డిగ్రీ పూర్తి చేశారు. ఇది విన్నాక కూతుర్ని ఇంకో ఏడాది పంపిస్తామన్న తండ్రులు నాకు ఉన్నారు.

2018లో హైదరాబాద్‌లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) 3x3 వరల్డ్ టూర్ మాస్టర్స్ పోటీలు జరిగినప్పుడు పెద్ద పిల్లల్ని తీసుకెళ్ళాను. సగం కోర్టు, ఒకే రింగ్, జట్టుకి ముగ్గురు, ఒక సబ్‌స్టిట్యూట్. పది నిమిషాలు, లేదా ముందుగా 21 పాయింట్లు. 12 సెకన్లలో షాట్ వెయ్యాలి. పిల్లలు ఆ వేగం చూసి ఊగిపోయారు. నన్ను కట్టిపడేసింది వేరే విషయం. కోర్టు పక్కన కోచ్ లేరు. ఆ పోటీల్లో మ్యాచ్ జరిగేటప్పుడు కోచ్ చెప్పడానికి వీల్లేదని నిబంధన. ప్లేయర్లే మాట్లాడుకుంటున్నారు, వాళ్ళే సబ్‌స్టిట్యూషన్ చేసుకుంటున్నారు, టైమ్ అవుట్‌లో వాళ్ళే ఎక్కడ తప్పుతున్నామో చెప్పుకుంటున్నారు. ఇంటికొచ్చాక వారానికి ఒక ప్రాక్టీసు మ్యాచ్ అలా పెట్టడం మొదలుపెట్టాను. నేను కోర్టు బయట గోడ దగ్గర కూర్చుంటాను, నోరు విప్పను. మొదట్లో పిల్లలు ప్రతి ఫౌల్‌కీ నా వైపు చూసేవాళ్ళు. ఇప్పుడు చూడరు. ఎప్పుడూ నోరెత్తని ఒక పిల్ల ఆ మ్యాచుల్లోనే "స్విచ్, స్విచ్" అని (కాచుకునే మనుషుల్ని మార్చుకోమని) అరవడం మొదలుపెట్టింది, తర్వాత జిల్లా జట్టుకి పాయింట్ గార్డ్ అయింది.

డబ్బు సంగతి కూడా దాచకూడదు. కోచ్‌గా గవర్నమెంట్ పోస్టులు చాలా తక్కువ, ఉన్నవాటిలో ఎక్కువ కాంట్రాక్టువి. పొద్దున గ్రౌండ్, పగలు ఒక స్కూల్లో పార్ట్ టైమ్, సాయంత్రం మళ్ళీ గ్రౌండ్, మే నెలలో సమ్మర్ క్యాంపులు. నేనూ, నాకు తెలిసిన కోచ్‌లూ ఇలాగే బతుకుతున్నాం. ఫీజు కట్టలేని పిల్లల దగ్గర తీసుకోను, కట్టగలిగినవాళ్ళ దగ్గర మొహమాటపడను. షూస్ మాత్రం ఎవరికి లేకపోయినా పాత ప్లేయర్లకి ఫోన్ చేస్తే ఎలాగోలా వస్తాయి.

కోచ్ అవుదామనుకునే వాళ్ళకి నేను చెప్పగలిగేవి ఇవి. ఆడిన ప్రతి టోర్నమెంట్ సర్టిఫికెట్ మీద సంతకాలు, తేదీలు అప్పటికప్పుడే సరిచూసుకుని జిరాక్సులు పెట్టుకోండి. కాలేజీలో ఉండగానే స్కోర్ షీట్ రాయడం, షాట్ క్లాక్ నడపడం, విజిల్ వెయ్యడం నేర్చుకోండి. టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళకి ఆట ఇంకోలా కనబడుతుంది. డిప్లొమాకి వెళ్ళేముందు ఒక వేసవి పూర్తిగా చిన్నపిల్లల్ని ఆడించి చూడండి. వాళ్ళు ఒక్క నిమిషం కూడా వరసలో నిలబడరు. ఆ గోల మధ్య మీకు విసుగు రాకపోతే ఈ పని మీదే.

నన్ను ఇది రాయమన్న అమ్మాయి ఇప్పుడు బీపీఈడీ రెండో ఏడాదిలో ఉంది, పటియాలా ఎంట్రన్స్‌కి చదువుతోంది. ఈ సమ్మర్ క్యాంపులో పదేళ్ళలోపు బ్యాచ్‌ని మొత్తం తనకే అప్పజెప్పాను. మొదటి వారం లెసన్ ప్లాన్లు తెచ్చి చూపించింది. లే-అప్‌కి మూడు రోజులు వేసుకుంది, నేను అయిదు చేయమన్నాను.